‘వితౌట్ యు’: రచన, గానం, పునర్గానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రిటిష్ రాక్ బృందం బ్యాడ్‌ఫింగర్ 1970లో వెలువరించిన ‘వితౌట్ యు’ గీతం, మరుసటి ఏడాది అమెరికన్ గాయకుడు హ్యారీ నిల్సన్ గళంలోనూ, రెండు దశాబ్దాల తరువాత మరయా కేరీ గళంలోనూ లోకప్రసిద్ధిని పొందింది. ఈ క్రమంలో గీతకర్తలైన పీట్ హామ్, టామ్ ఎవాన్స్‌ల పేర్లు శ్రోతల స్మృతిలో వెనుకబడ్డాయి. వారి విషాదాంతం మాత్రం పాటకు ఒక వ్యాఖ్యానంగా స్థిరపడింది. ఈ గీతం మూడు రూపాలను భరతుడు చెప్పిన ‘కాకువు’ అనే భావన వెలుగులో పరిశీలించి, పునర్గానాన్ని అనుకరణగా గాక వ్యాఖ్యానంగా గ్రహించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కర్తల మరణాన్ని పాటలో వెదికే పఠనపద్ధతి ఎందుకు నిలవదో చర్చిస్తుంది.

కీలకపదాలు: రాక్ బల్లాడ్, పునర్గానం, కాకువు, విప్రలంభం, కర్తృత్వం, గ్రంథస్వామ్యం.

1. ప్రవేశిక

ఒక పాట ప్రస్తావన రాగానే శ్రోతకు మొదట స్ఫురించేది గళం. ఆ తరువాత బాణీ. రచయిత పేరు చాలామందికి స్ఫురించనే స్ఫురించదు. ముద్రిత సాహిత్యంలో కర్త పేరు లేకుండా కావ్యం ఉండదు. ధ్వనిముద్రిత గీతంలో మాత్రం గాయకుడే కర్తగా చలామణి అవుతాడు. ఒకరు ముద్రించిన పాటను వేరొకరు మళ్లీ పాడి ముద్రించినప్పుడు ఈ సమస్య మరింత జటిలమవుతుంది. పాశ్చాత్య సంగీత వ్యవహారంలో దీనిని కవర్ వెర్షన్ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘పునర్గానం’ అనే మాటను వాడుతున్నాను.

పరిభాష విషయంలో మరొక స్పష్టత అవసరం. మన జానపద సాహిత్య పరిశోధనలో బల్లాడ్ అంటే కథాగేయం. అందులో పాత్రలు, సంఘటనలు, కథాగమనం ఉంటాయి. రాక్ సంగీతంలో బల్లాడ్ అనే మాటకు ఆ అర్థం లేదు. విలంబగతిలో సాగుతూ, ప్రేమనో వియోగాన్నో ఆత్మాశ్రయంగా చెప్పే గీతానికే అక్కడ ఆ పేరు. మన పరిభాషలో అది కథాగేయం కంటె భావగీతానికి దగ్గర.

పునర్గానాలను గురించిన చర్చ సాధారణంగా ‘మూలం గొప్పదా, పునర్గానం గొప్పదా’ అనే తులనతో ముగుస్తుంది. ‘వితౌట్ యు’ విషయంలో ఆ ప్రశ్న పనికిరాదు. ఈ పాటకు మూలమనదగినది ఒకటి ఉందా అన్నదే ఇక్కడ తొలి ప్రశ్న.

2. రెండు అసంపూర్ణ రచనల కలయిక

బ్యాడ్‌ఫింగర్ బృందం తొలి పేరు ‘ది ఐవీస్’. బీటిల్స్ బృందం 1968లో ఆపిల్ రికార్డ్స్ సంస్థను నెలకొల్పిన తొలినాళ్లలోనే ఈ బృందం అందులో చేరింది. పీట్ హామ్ వేల్స్‌లోని స్వాన్సీకి చెందినవాడు. టామ్ ఎవాన్స్ లివర్‌పూల్‌వాడు. బృందానికి తొలి విజయాన్నిచ్చిన ‘కమ్ అండ్ గెట్ ఇట్’ పాట వారి రచన కాదు. దానిని రాసినవాడు పాల్ మెకార్ట్నీ. ఆయన 1969లో తానొక్కడే ఒక నమూనా ముద్రణ చేసి, దానిని ఉన్నది ఉన్నట్లుగా అనుసరించమని బృందానికి సూచించాడు. వారు అలాగే చేశారు. అంటే ఈ బృందం లోకానికి పరిచయమైనదే ఇతరుల పాటను యథాతథంగా పాడడం ద్వారా. బీటిల్స్ నీడ వారిని చివరిదాకా వదలలేదు.

1970 నవంబరులో వెలువడిన ‘నో డైస్’ సంపుటిలో ‘వితౌట్ యు’ మొదటి పార్శ్వం చివరి పాట. అదే పార్శ్వంలో దానికి ముందున్న ‘నో మేటర్ వాట్’ విడిపాటగా వెలువడి ప్రజాదరణ పొందింది. ‘వితౌట్ యు’కు బృందం ఆ ప్రాధాన్యం ఇవ్వలేదు. బ్రిటన్, అమెరికాలలో దానిని విడిపాటగా వెలువరించలేదు. పాట విలువను దాని కర్తలే పూర్తిగా గుర్తించలేదనడానికి ఇది చాలు.

రచనాక్రమం ఇంకా ఆసక్తికరమైనది. హామ్ దగ్గర చరణాలున్నాయి, వాటికి తగిన పల్లవి లేదు. ఎవాన్స్ దగ్గర బలమైన పల్లవి ఉంది, దానికి చరణాలు కుదరలేదు. ఇద్దరూ తమ అసంపూర్ణ రచనలను ఒకటిగా కలిపారు. చరణాలలో ఒక సాయంత్రపు వీడ్కోలు, ఎదుటి వ్యక్తి ముఖంలో కనిపించిన విషాదం, ఆ మనిషిని పోనిచ్చినందుకు కలిగిన పశ్చాత్తాపం ఉన్నాయి. పల్లవిలో సంఘటన లేదు, వర్ణన లేదు. ప్రియవ్యక్తి లేని బ్రతుకు తనకు సాధ్యం కాదనే ఒక్క ప్రకటన మాత్రమే ఉంది. చరణం కవిది మితభాషణం, పల్లవి కవిది ఆక్రోశం. ఈ రెండు స్వభావాలు ఒకే పాటలో ఇమిడినా, వాటి మధ్య అతుకు కనిపిస్తూనే ఉంటుంది. ఈ అతుకును ఎవరు ఎలా పాడారన్నదే ఈ పాట చరిత్ర.

నిర్మాణంలో మరొక విశేషం ఉంది. మన కృతిలోనూ సినిమాపాటలోనూ పల్లవి ముందు వస్తుంది. చరణం ముగిసిన ప్రతిసారీ శ్రోత తెలిసిన చోటికే తిరిగి వస్తాడు. ఈ రాక్ గీతంలో చరణాలు ముందు, పల్లవి తరువాత. శ్రోతకు పల్లవి మళ్లీ చేరే మజిలీ కాదు, ఎదురుచూస్తూ ఎక్కవలసిన శిఖరం. అందుచేత పల్లవిని ఎంత ఎత్తులో, ఎంతసేపు ఆపి, ఎలా పాడాలి అన్నది గాయకుని నిర్ణయానికి విడిచిన విషయమవుతుంది.

3. నిల్సన్ విన్న పాట

హ్యారీ నిల్సన్ ఒక విందులో ఈ పాటను విని, అది బీటిల్స్ పాట అనుకున్నాడన్నది సుప్రసిద్ధమైన విషయం. తరువాత వెదికి కర్తలెవరో తెలుసుకున్నాడు. ఆయన స్వయంగా గీతకర్త. ఆయన రాసిన ‘వన్’ను త్రీ డాగ్ నైట్ అనే బృందం 1969లో పాడి విజయం సాధించింది. మరోవైపు ఆయనకు గాయకుడిగా తొలి ఖ్యాతినిచ్చిన ‘ఎవ్రీబడీస్ టాకిన్’ ఫ్రెడ్ నీల్ రచన. పునర్గానంలోని లాభనష్టాలను ఇరువైపుల నుంచీ చూసిన గాయకుడాయన.

నిర్మాత రిచర్డ్ పెర్రీ ఆధ్వర్యంలో 1971లో లండన్‌లో ముద్రితమైన ఈ పాట ‘నిల్సన్ ష్మిల్సన్’ సంపుటిలో చేరింది. గ్యారీ రైట్ పియానో వాయించాడు. తంత్రీవాద్యాల కూర్పు పాల్ బక్‌మాస్టర్‌ది. 1972 ఫిబ్రవరిలో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఇది ప్రథమస్థానానికి చేరి నాలుగు వారాలు నిలిచింది. బ్రిటన్‌లో అయిదు వారాలు ప్రథమస్థానంలో ఉంది. ఉత్తమ పాప్ పురుషగాత్రానికి ఇచ్చే గ్రామీ పురస్కారం నిల్సన్‌కు లభించింది. ఆ పురస్కారం గాత్రానికి ఇచ్చేది, రచనకు కాదు. పాట ఎవరిదన్న లోకాభిప్రాయం స్థిరపడడానికి ఈ భేదాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం కూడా ఒక కారణం.

నిల్సన్ చేసిన మార్పులను గమనించాలి. బ్యాడ్‌ఫింగర్ రూపం నాలుగున్నర నిమిషాలు దాటుతుంది. అందులో గిటారు, ఆర్గన్, డ్రమ్స్‌తో బృందమంతా ఒక్క బరువుతో నడుస్తుంది. పల్లవిని కలిసిన గళాలు మోస్తాయి. నిల్సన్ రూపం మూడు నిమిషాల పైచిలుకు. ఆరంభంలో పియానో, దాని మీద ఒంటరి గళం. తంత్రులు తరువాత మెల్లగా చేరతాయి. తొలి పల్లవిని సంయమనంతో పాడి, మలి పల్లవిలో గళాన్ని ఒక స్థాయి పైకి తీసుకుపోతాడు. ఆయన అక్షరాలను దాదాపు మార్చలేదు. మార్చినది ‘ఎవరు మాట్లాడుతున్నారు’ అన్న విషయాన్ని. అక్కడ నలుగురు పంచుకున్న బాధ ఇక్కడ ఒక్క మనిషి మీద పడింది.

4. కాకువు: ఒకే వాక్యం, వేర్వేరు అర్థాలు

మాట మారకుండా కంఠధ్వని చేత అర్థం మారడాన్ని మన ఆలంకారికులు కాకువు అన్నారు. నాట్యశాస్త్రంలో భరతుడు కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు విధాలుగా చెప్పాడు. అర్థం ఇంకా మిగిలి ఉందని తోపించేది సాకాంక్షం. అర్థం పూర్తిగా వెలువడినది నిరాకాంక్షం. మొదటిది తారంలో మొదలై మంద్రంలో ముగుస్తుందనీ, రెండవది మంద్రంలో మొదలై తారంలో ముగుస్తుందనీ ఆయన లక్షణం చెప్పాడు. ఇది పాఠ్యానికి, అంటే నటుడు పలికే మాటకు సంబంధించిన నియమం. గానానికి దీనిని యథాతథంగా అన్వయించలేము. అయినా ఒకే వాక్యం వేర్వేరు గళాలలో వేర్వేరు అర్థాలివ్వడాన్ని వివరించడానికి ఇంతకంటె తగిన పరికరం మన దగ్గర లేదు.

బ్యాడ్‌ఫింగర్ రూపంలో పల్లవి మధ్యమస్థాయిని పెద్దగా దాటదు. బ్రతకలేనని చెబుతున్న వాక్యాన్ని బృందం స్థిరమైన లయలో, తోడుగళాలతో పాడుతుంది. వాక్యం ఒకటి చెబుతుంటే గళం మరొకటి సూచిస్తుంది. ఇన్ని గళాలు కలిసి పాడగలుగుతున్నప్పుడు ఆ మనిషి పూర్తిగా ఒంటరి కాడు. బ్రతకడం అసాధ్యమన్న మాటకు వెనుక బ్రతుకు కొనసాగుతున్న ధ్వని ఉంది. అర్థం ముగియలేదు. ఇది సాకాంక్షం.

నిల్సన్ గానం మంద్రంలో, దాదాపు మాట్లాడుతున్నట్లుగా మొదలవుతుంది. చివరికి గళం తన హద్దును తాకే తారస్థాయికి చేరుతుంది. అక్కడ వాక్యం చెప్పదలచినదంతా చెప్పేసింది. మిగిలిన ఆకాంక్ష లేదు. భరతుని లక్షణంలోని మంద్రాది తారాంతక్రమం ఇక్కడ అక్షరాలా కనబడుతుంది. బృందరూపంలో చరణానికీ పల్లవికీ మధ్య ఉన్న అతుకును నిల్సన్ దాచలేదు. దానిని ఆరోహణగా మార్చాడు. మితభాషి అయిన మనిషి మాట ఎక్కడ తెగిపోయి ఆక్రోశంగా మారుతుందో చూపించాడు.

అందుచేత ఈ పునర్గానాన్ని అనుకరణ అనడం తగదు. ‘కమ్ అండ్ గెట్ ఇట్’ విషయంలో బ్యాడ్‌ఫింగర్ చేసినది అనుకరణ. నిల్సన్ చేసినది వ్యాఖ్యానం. మంచి వ్యాఖ్యాత మూలానికి లేని అర్థాన్ని అంటగట్టడు. మూలంలో ఉండీ మరుగున పడినదానిని వెలికి తీస్తాడు. అయితే వ్యాఖ్యానం మరీ బలమైనదైతే పాఠకుడు మూలానికి పోవడం మానేస్తాడు. మల్లినాథుని వ్యాఖ్యతో కాళిదాసును చదివినవారు వ్యాఖ్యనే కావ్యమనుకోరు. గీతంలో ఆ ప్రమాదం ఉంది, ఎందుకంటే శ్రోత చేతిలో మూలం, వ్యాఖ్య పక్కపక్కన ఉండవు.

5. పునర్గానానికి పునర్గానం

మరయా కేరీ ఈ పాటను 1993 నాటి ‘మ్యూజిక్ బాక్స్’ సంపుటిలో పాడింది. 1994లో విడిపాటగా వచ్చి బ్రిటన్‌లో ప్రథమస్థానం, అమెరికాలో మూడవ స్థానం పొందింది. అమెరికాలో అది వెలువడడానికి కొద్దిరోజుల ముందే, 1994 జనవరి 15న, నిల్సన్ మరణించాడు. ఈ యాదృచ్ఛికత పాట చుట్టూ అల్లుకున్న విషాదకథకు మరొక ముడి వేసింది.

కేరీ అనుసరించినది బ్యాడ్‌ఫింగర్‌ను కాదు, నిల్సన్‌ను. పియానో ఆరంభం, ఒంటరి గళం, క్రమారోహణ అన్నీ అక్కడివే. కాబట్టి ఆమె గానం పునర్గానానికి పునర్గానం. నిల్సన్ గళానికి తారస్థాయి ఒక హద్దు. అక్కడికి చేరడానికి పడిన శ్రమ వినిపిస్తుంది, ఆ శ్రమే అర్థం. కేరీ గళానికి ఆ ఎత్తు సహజనివాసం. శ్రోత అక్కడ వియోగవేదన కంటె గాత్రవిభవాన్ని ముందుగా గుర్తిస్తాడు. పైగా ఆమె చివరిభాగంలో వెనుక బృందగళాలు చేరి పాటకు ప్రార్థనాగీతపు ఛాయ తెస్తాయి. బ్యాడ్‌ఫింగర్‌లో ఉండి నిల్సన్ తీసివేసిన సామూహికత మరొక రూపంలో తిరిగి వచ్చింది. తొలిరూపంలో తోడుగళాలు బాధను పంచుకున్నాయి. ఇక్కడ అవి బాధపడేవారిని ఓదారుస్తాయి. దీనిని లోపమనలేము. ఇది మూడవ అర్థం.

6. హక్కులు: గళానికీ రచనకూ మధ్య

పునర్గానం మూలకర్తకు జరిగే అన్యాయమనే అభిప్రాయం ఒకటుంది. ఈ పాట విషయంలో దానిని జాగ్రత్తగా పరిశీలించాలి. అమెరికాలో 1909 నాటి చట్టం ప్రకారం, ఒక రచన కర్త అనుమతితో ఒకసారి ధ్వనిముద్రితమైతే ఆ పిమ్మట ఎవరైనా దానిని పాడి ముద్రించవచ్చు. ప్రతి ప్రతికీ నిర్ణీత రుసుము చెల్లించాలి. ఆ రుసుము 1909 నుంచి 1978 దాకా రెండు సెంట్లుగానే ఉంది. అంటే నిల్సన్ రికార్డు ఎన్ని ప్రతులు అమ్ముడైతే రచనకు అంత భాగం రావలసిందే. ధ్వనిముద్రణ విషయం వేరు. ధ్వనిముద్రణలకు అమెరికా ఫెడరల్ చట్టరక్షణ 1972 ఫిబ్రవరి 15న మొదలైంది, ఆ తేదీ నుంచి జరిగిన ముద్రణలకే అది వర్తించింది. సరిగ్గా ఆ రోజులలోనే నిల్సన్ పాట ప్రథమస్థానానికి చేరడం ఒక విచిత్రం. చట్టం కళ్లకు ఆనాడు రచనే ఆస్తి. లోకం కళ్లకు గళమే పాట.

అలాగైతే కర్తలకు ఏమైంది? బృందం ఆర్థికవ్యవహారాలు న్యూయార్క్‌కు చెందిన స్టాన్ పాలీ నిర్వహణలో ఉండేవి. ఆదాయం సంస్థ ద్వారా పోయి, సభ్యులకు జీతాలుగా వచ్చేది. బృందం తరువాత వార్నర్ బ్రదర్స్‌లో చేరింది. అక్కడ ముందస్తుసొమ్ము లెక్క తేలక వ్యవహారం న్యాయస్థానానికెక్కింది. కొత్త సంపుటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆదాయం ఆగిపోయింది. 1975 ఏప్రిల్ 24న, ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు, పీట్ హామ్ ప్రాణం తీసుకున్నాడు. చివరి లేఖలో పాలీని నిందించాడు. ఈ పాట రాబడిలో వాటాల గురించి పాత సహచరుల మధ్య వివాదాలు నడిచాయి. 1983 నవంబరు 19న టామ్ ఎవాన్స్ కూడా అలాగే మరణించాడు.

ఈ వరుసను చూస్తే తేలేది ఒకటే. కర్తలను నష్టపరచినది పునర్గానం కాదు. పునర్గానం వారికి రాబడికి మార్గం తెరచింది. ఆ మార్గంలో వారికీ వారి రాబడికీ మధ్య నిలిచిన వ్యవస్థ వారిని నష్టపరచింది. మన దేశంలో 2012 నాటి గ్రంథస్వామ్య చట్ట సవరణను ఈ నేపథ్యంలో చదవడం ఉపయుక్తం. తొలి ధ్వనిముద్రణ జరిగిన సంవత్సరాంతం నుంచి అయిదేళ్లు గడవనిదే చట్టబద్ధ అనుజ్ఞతో పునర్గానం చేయరాదని అది నిర్దేశించింది. చలనచిత్రాలలో చేరిన సాహిత్య, సంగీత కృతుల కర్తలకు, సినిమాహాలు వెలుపలి వినియోగంపై వచ్చే రాయల్టీలో సమానవాటా హక్కును వదులుకోనివ్వని నిబంధననూ చేర్చింది. మొదటి నియమం ఆనాటి అమెరికాలో ఉంటే నిల్సన్ గానం ఆ మార్గంలో 1971లో సాధ్యమయ్యేది కాదు, ఒక గొప్ప వ్యాఖ్యానం ఆలస్యమయ్యేది. రెండవదాని వంటి నియమం ఉంటే కర్తలకు కొంత ఆసరా ఉండేది. కర్తకు రక్షణ పునర్గానాన్ని అడ్డుకోవడంలో కంటె రాబడిని కర్త చేతికి చేర్చడంలో ఎక్కువగా ఉందని ఈ చరిత్ర సూచిస్తుంది.

7. మరణాన్ని పాటలో వెదకడం

ఇద్దరు కర్తలూ ప్రాణం తీసుకున్నారన్న విషయం తెలిశాక ఈ పల్లవిని మునుపటిలా వినడం కష్టం. బ్రతకలేనన్న ప్రకటనను భవిష్యవాణిగా భావించి, పాటను రాబోయే మరణాలకు సూచనగా చదివే వ్యాఖ్యానాలు విరివిగా కనిపిస్తాయి. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఈ పఠనం రెండు విధాల దోషయుక్తం.

మొదటిది సాహిత్యపరమైన దోషం. విప్రలంభశృంగారంలో కామదశలు పది, చివరిది మరణం. మన ప్రబంధనాయిక వెన్నెలలో ప్రాణాలు నిలువవని పలికితే అది రసపోషణకు కవిసమయమని గ్రహిస్తాము. కవి జాతకంలో దానికి ఆధారం వెదకము. ఎవాన్స్ పల్లవి కూడా ప్రేమవియోగంలో పుట్టిన అతిశయోక్తి. రాక్ బల్లాడ్ సంప్రదాయంలో అది దశమావస్థకు సమానమైన వచనం. రచన 1970 నాటిది. మరణాలు అయిదేళ్లకు, పదమూడేళ్లకు జరిగాయి. వాటి నేపథ్యం ప్రేమ కాదు.

రెండవది నైతికదోషం. పాటలోనే మరణం రాసి ఉందని అంటే, మరణానికి కారణమైన ఒప్పందాలు, లెక్కలు, వివాదాలు విచారణ నుంచి తప్పుకుంటాయి. ఒక ఆర్థికవైఫల్యం విధిలీలగా మారుతుంది. సున్నితమనస్కుడైన కళాకారుడు ఇలాగే అంతమవుతాడన్న పాత నమ్మకం బలపడుతుంది. ఆ ఇద్దరినీ గౌరవించడమంటే వారి మరణాన్ని పాటకు అలంకారంగా వాడడం కాదు. వారు చేసిన పనిని, అంటే రెండు అసంపూర్ణ రచనలను ఒకటిగా నిలబెట్టిన నేర్పును, విడిగా గుర్తించడం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలివి. ‘వితౌట్ యు’కు ఏకైక మూలమంటూ లేదు. ఇద్దరు కర్తల రెండు శకలాల కలయికగా అది పుట్టింది. బ్యాడ్‌ఫింగర్ గానం సాకాంక్షం, నిల్సన్ గానం నిరాకాంక్షం, కేరీ గానం ఆ నిరాకాంక్షానికి సాంత్వన చేర్చిన రూపం. మూడింటిలోనూ మాట దాదాపు ఒకటే, కాకువు వేరు. కాబట్టి ధ్వనిముద్రిత గీతాన్ని విమర్శించేటప్పుడు రచన, గానం, ముద్రణ అనే మూడు అంశాలను విడదీసి, ప్రతిదానికీ కర్త ఎవరో పేర్కొనడం అవసరం.

మన సినిమాగీతాల పరిశోధనలోనూ పాటను సాహిత్యంగా మాత్రమే తీసుకుని పంక్తులను విశ్లేషించడం పరిపాటి. ఒకే పాటను సినిమాలో ఇద్దరు గాయకులు రెండు సందర్భాలలో పాడినప్పుడు ఆ రెండు గళాల మధ్య అర్థభేదాన్ని పట్టుకోవడానికి కాకువు అనే పరికరం అక్కరకు వస్తుంది.

ఇక శ్రోతగా చేయగలిగినది చిన్న పని. నిల్సన్ పాటను మెచ్చినవారు ‘నో డైస్’ మొదటి పార్శ్వం చివరిదాకా ఒకసారి వినాలి. అక్కడ పల్లవిని పాడుతున్నవారు ఇంకా కలిసే ఉన్నారు. ఆ పాట వారికి ఏమి తెస్తుందో, ఏమి తేదో వారికి తెలియదు. ఆ తెలియనితనంతోనే దానిని వినగలిగితే పాటకు దాని కర్తలు తిరిగి దొరికినట్లు.